తిమ్మిరి వేళ్ళు

ఆ ఏడు బావి పండగ అయిపోగానే వాళ్ళన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతానని మా ఆయన ట్రెవర్ మే నెలలోనే చెప్పాడు. కొట్టంలో పండగ పలకలకు కొత్త మేకులు కొట్టి వచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ చెప్పాడు. కోపంగా చెప్పి ఉంటే బాగుండేది. కోపానికి జవాబు చెప్పడం నాకు బాగా వచ్చు.

"క్లైవ్ అన్నయ్య విట్బీలో ఒక్కడే తంటాలు పడుతున్నాడు. పడవలకి రంగులెయ్యడానికి మనిషి కావాలట. పండగయ్యాక వెళ్తా."

"ఎన్నాళ్ళు?"

"చూద్దాం."

ట్రెవర్ రాతిగోడలు కట్టే మనిషి. పొలాల మధ్య సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టే గోడలు. ఏ గోడ ఏ తారీకుకి పూర్తవుతుందో మొదటి రోజే చెప్పేస్తాడు, వానొచ్చినా మంచొచ్చినా ఆ తారీకుకే పూర్తి చేస్తాడు. అలాంటివాడి నోట 'చూద్దాం' అన్న మాట నేను వినడం అదే మొదలు.

"వెళ్ళు. సముద్రపు గాలి మంచిదే," అన్నాను, వీపు అతని వైపు పెట్టి టీ పోస్తూ. అంతలో కప్పు నా చేతిలోంచి జారి రాతి నేల మీద పడి ముక్కలైంది.

"సబ్బు చేత్తో పట్టుకున్నా," అన్నాను.

నా చేతులకు సబ్బు లేదు. అది అతనూ చూశాడు. చీపురు తెచ్చి ముక్కలు ఊడ్చేసి, వెనకగదిలోకి పోయాడు.

అంతకు ముందు ఏడు నాకు రొమ్ములో గడ్డ తీశారు. కీమో ఎక్కించారు. జుట్టు రాలిపోయి మళ్ళీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి వచ్చిందని ఊరంతా ముచ్చటపడ్డారు. వేళ్ళ కొసల్లో స్పర్శ మాత్రం పోయింది, తిరిగి రాలేదు. ఆ మందులతో అలా అవుతుందని, కొందరికి తగ్గుతుంది కొందరికి తగ్గదని డాక్టరు చెప్పాడు. ఆయన చెబుతున్నప్పుడు ట్రెవర్ కారు పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటున్నాడు. తరవాత నేనూ చెప్పలేదు.

నేను బట్టలు కుట్టేదాన్ని. పెళ్ళిగౌన్లు సరిచెయ్యడంలో చుట్టుపక్కల నా పేరు చెప్పేవాళ్ళు. కళ్ళు ఆనడం లేదని అబద్ధమాడి కుట్టుపని మానేశాను. సూది పట్టుకుంటే ఉందో పడిపోయిందో చూసుకుంటే గాని తెలియదు. ఈ ఊళ్ళో నేను ఫలానా అని చెప్పుకోవడానికి ఆ వేళ్ళు తప్ప నాకింకేమీ లేవు. అవి పోయాయని చెబితే ఇక మిగిలేది ఎవరు?

మార్చిలో ఒక సాయంత్రం టీవీ చూస్తున్నాం. ఎప్పుడు తీసుకున్నాడో నాకు తెలియదు, కిందికి చూసేసరికి నా చెయ్యి ట్రెవర్ చేతిలో ఉంది. అది నా కళ్ళు చెప్పాయి గాని నా చెయ్యి చెప్పలేదు. ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకున్నాను. మర్నాటి నుంచి వెనకగదిలో పడుకోవడం మొదలుపెట్టాడు. తను గురక పెడుతున్నాడట, నాకు నిద్ర కావాలట.

చెప్పేస్తే సరిపోయేది కదా అని మీరనొచ్చు. నేనూ రోజూ అదే అనేదాన్ని, ఇంకా ఘాటుగా. మొద్దూ, పనికిమాలినదానా, నోట్లో నాలుక లేదటే అని. అలా తిట్టుకున్న నోటితో మొగుడికి ఏం చెబుతాం. నోరు మూసుకుని కూర్చునేదాన్ని.

ఇంట్లో ఇద్దరం ఉండేవాళ్ళం. పొద్దున అతను రొట్టె కాల్చుకునే వాసన, సాయంత్రం అతని రేడియో గోడ అవతల. నా అంత ఒంటరిది ఈ లోకంలో లేదనుకునేదాన్ని. అతనికి ఎలా ఉందో ఆలోచించే తీరిక నా తిట్లు నాకు ఇవ్వలేదు.

*

నా తిట్లు మొట్టమొదట విన్నది ఆసుపత్రి నర్సు. గౌను నాడాలు ముడి వేసుకోలేక తెర వెనక నన్ను నేను దులిపేసుకుంటుంటే తెర పక్కకి తీసింది.

"ఇంకెవర్నైనా ఇలా తిడతారా మీరు?" అంది.

"ఇంకెవరూ నా అంత మొద్దు కాదుగా."

ఆ పిల్ల నవ్వలేదు. ముడి వేసి, డర్బీలో మంగళవారం మంగళవారం కూడే ఒక గుంపులో నా పేరు రాయించింది. తమ మీద తామే కరుణ చూపడం నేర్పే చికిత్సట. పేరు వినగానే పారిపోదామనిపించింది. వెళ్ళకపోతే నర్సు ముందు ముఖం చెల్లదని వెళ్ళాను. ఇంట్లో మాత్రం రక్తపరీక్షలని చెప్పాను.

ఒక గది, గుండ్రంగా కుర్చీలు, మూల కెటిల్, ఎవరూ ముట్టని బిస్కెట్లు. నడిపే ఆవిడ పేరు మేరియన్. మోచేతుల దగ్గర అతుకులేసిన స్వెటర్ వేసుకుని, తొందరనేది ఎరగనట్టు మాట్లాడేది. నా పక్క కుర్చీలో రాయ్‌స్టన్ అని ఒకాయన. బస్సు నడిపి రిటైరయ్యాడు, పేగు ఆపరేషనయ్యాక పొట్టకి మలం పట్టే సంచి తగిలించారు. దాని సంగతి తెలిసిపోతుందేమోనని ఏడాదిగా బస్సెక్కలేదట. బస్సు నడిపినాయన.

"మీ బుర్రని మీరు తయారుచేసుకోలేదు," అంది మేరియన్ మొదటి రోజున. "ఎక్కడ ముప్పు వస్తుందో అని కాచుకు కూర్చోవడానికి అది తయారైంది. బయట ముప్పు కనపడకపోతే లోపలికి తిరిగి మిమ్మల్నే కరుస్తుంది. అందులో మీ తప్పు లేదు. దాన్ని ఎలా చూసుకోవాలన్నది మాత్రం మీరు నేర్చుకోవచ్చు."

తరవాత నిదానంగా ఊపిరి పీల్చి వదలమంది. ముఖం కొంచెం సడలించి, భయపడ్డ మనిషిని పిలిచినట్టు ఎవరి పేరు వాళ్ళు పలకమంది.

"గేనర్," అన్నాను.

"చెల్లెమ్మా, ఆ గొంతు వింటే నేనైతే బస్సాపి దిగి పారిపోతా," అన్నాడు రాయ్‌స్టన్.

అందరూ నవ్వారు, నేను కూడా. మేరియన్ నన్నడిగింది. "మీరు మెత్తగా మాట్లాడేది ఎవరితో?"

ఆలోచించాను. "పెళ్ళిగౌను పట్టక ఏడ్చే పిల్లలతో. నా దుకాణంలో."

"వాళ్ళతో ఏమంటారు?"

"తప్పు గుడ్డదమ్మా, నీది కాదు అంటాను."

"ఊరికే ఓదార్చడానికా?"

"ఊరికే ఎందుకు? నిజమే కదా. కత్తిరించేది గుడ్డని, పిల్లని కాదు."

"ఆ గొంతుతో ఇంకోసారి మీ పేరు పలకండి."

పలికాను. పలికీ పలకగానే ఒళ్ళంతా మండిపోయింది. ఏడుపు కాదు, కోపం. లేచి కోటు తొడుక్కోబోయాను. బొత్తాలు దొరకవు, వేళ్ళకి అందవు, దాంతో ఇంకా కోపం.

మేరియన్ లేవలేదు, నన్ను ఆపలేదు. "చలికి కొయ్యబారిన చేతులు గోరువెచ్చటి నీళ్ళలో పెడితే ముందేమవుతుంది?" అని మాత్రం అడిగింది.

"మంట."

"నీళ్ళు చెడ్డవనా?"

కోటు మళ్ళీ కొక్కేనికి తగిలించి, తిరిగొచ్చి కూర్చున్నాను. రాయ్‌స్టన్ బిస్కెట్ల పళ్ళెం నా వైపు జరిపాడు.

ఆ రోజు నుంచి ఇంటికొచ్చే రెండంతస్తుల బస్సులో పై అంతస్తు వెనక సీట్లో ఒంటరిగా కూర్చుని నా పేరు నేను పలికేదాన్ని. కిటికీలోంచి ట్రెవర్ కట్టిన గోడలు కొండల మీద కనిపించేవి. ఏది ఏ ఏడు కట్టాడో నాకు తెలుసు.

*

మా ఊరి బావికి ఏటా వేసవిలో పూలరేకులతో బొమ్మ కడతాం. పెద్ద పెద్ద చెక్కపలకలు చెరువులో నానేసి, వాటి మీద ఉప్పు కలిపి తొక్కిన మట్టి మెత్తి, ఆ మట్టిలో ఒక్కో రేకూ అద్దుతాం. కింది నుంచి పైకి, ఇంటి పెంకుల్లా ఒకదాని మీదొకటి కొంచెం ఎక్కేలా పెట్టాలి. అప్పుడు వాన కురిసినా నీళ్ళు జారిపోతాయి. అలా కట్టిన బొమ్మ వారం రోజులుంటుంది. తరవాత వాడిపోతుంది, గీకి పారేస్తాం. ఆ వారం కోసం ఊరంతా ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు.

పండగ పెత్తనమంతా ట్రెవర్ అక్క, గ్లెనిస్ వదినది. జూన్‌లో ఒక మధ్యాహ్నం బొమ్మ కాగితం చుట్టి చంకలో పెట్టుకుని వచ్చింది.

"ఈసారి బావి దగ్గర కుండ పట్టుకున్న ఆవిడ. ముఖమూ చేతులూ ఎప్పట్లాగే నీకు."

"నా కళ్ళు ఆనట్లేదు వదినా. ఇంకెవరికైనా ఇవ్వు."

"కళ్ళజోడు పెట్టుకో. లేకపోతే ముఖం నేను చేసి ఏడుస్తాలే, కుండ పట్టుకున్న ఆ కుడి చెయ్యి మాత్రం నీది. వద్దంటే ఊరుకోను. నువ్వు ఏమీ తీసుకోకపోయినా తెల్లారకుండా వచ్చి మా రేకులన్నీ పీకి మళ్ళీ పెడతావుగా."

నాకు తల కొట్టేసినట్టయింది. "తెలుసా నీకు?"

"నాకేంటి, ఊరంతటికీ తెలుసు. ఎన్నేళ్ళుగా చేస్తున్నావు? పోయినేడు నువ్వు మంచంలో ఉన్నావు కాబట్టి మేం పెట్టినవి మేం పెట్టినట్టే ఉన్నాయి. ఎంత అసహ్యంగా ఉన్నాయో తెలుసా. నాకు భలే నచ్చాయి."

నవ్వింది. నేను నవ్వేలోపు ఆవిడ ముఖం మారిపోయింది. "మా తమ్ముణ్ణి వెళ్ళగొడుతున్నావట."

"నేనెక్కడ వెళ్ళగొట్టాను? తనే వెళ్తానన్నాడు."

"వాడి సంగతి నాకు తెలీదా గేనర్? ఎవరూ పొమ్మనకుండా వాడు గడప దాటడు. అడిగితే ఏమన్నాడో తెలుసా? 'అది నన్ను ముట్టుకోనివ్వడం లేదక్కా' అన్నాడు. అరవయ్యేళ్ళవాడు, నా వంటింట్లో కూర్చుని, తలొంచుకుని. నేనేం చెప్పను వాడికి?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నాలుక కొస దాకా వచ్చింది. లోపలి గొంతు ఊరుకుంటేనా? ఇప్పుడు చెబితే, ఇన్నాళ్ళూ దాచిన దొంగవి కూడా అవుతావు అంది. "టీ పెట్టనా?" అన్నాను. వదిన కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

*

ఆ తరవాతి మంగళవారం మేరియన్ నాకు మూడు కుర్చీలు వేసింది. ఒకటి తిట్టేదానికి, ఒకటి తిట్లు తినేదానికి, ఒకటి ఇద్దర్నీ చూస్తూ దయగా ఉండేదానికి. పిల్లల ఆటలా ఉందనుకున్నాను.

తిట్టే కుర్చీలో కూర్చోగానే మాటలు వాటంతట అవే వచ్చాయి. గది దద్దరిల్లేలా తిట్టాను. ఎదురుగా ఖాళీ కుర్చీ. అందులో నేను ఎంత చిన్నగా కూర్చుంటానో నాకు కనబడింది.

"మీరు దీన్ని బాగా కాపలా కాస్తున్నారు," అంది మేరియన్ ఖాళీ కుర్చీ చూపిస్తూ, ఆ తిట్టే నాతో, మర్యాదగానే. "దేనికి మీ భయం? మీరు తిట్టడం మానేస్తే ఏమవుతుంది?"

"ఇది ఎంత పనికిరానిదో మా ఆయనకి తెలిసిపోతుంది."

"తెలిస్తే?"

"వెళ్ళిపోతాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"వెనకగదిలో."

"అక్కడే ఉంటాడా?"

"పండగయ్యాక విట్బీ వెళ్తున్నాడు," అన్నాను. అన్నాక నా మాట నాకే వినిపించింది.

రాయ్‌స్టన్ తన బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. మేరియన్ మూడో కుర్చీ చూపించింది. అందులోకి మారాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మిగతా రెండు కుర్చీలూ ఖాళీగా నా వైపు చూస్తున్నాయి. ఆ రెండింటి మీదా జాలేసింది, అంతే. అది మాటల్లో పెట్టడం రాలేదు.

"ఇవాళ్టికి చాలు," అంది మేరియన్.

*

పండగ వారంలో కొట్టం తేనెటీగల తుట్టెలా ఉంటుంది. ట్రెవర్, మరో ఇద్దరు కలిసి మట్టి తొక్కి పలకలకు మెత్తారు. వదిన కాగితం మీద సూదులతో గుచ్చి బొమ్మ గీతలు మట్టి మీదికి దించింది. బకెట్ల నిండా రేకులు, నాచు, ఎండుకాయలు. బల్లల చుట్టూ ముసలీ ముతకా అందరూ. ఒకరి అల్లుడి సంగతులు, ఇంకొకరి మోకాలి నొప్పులు. నేను కుండ పట్టుకున్న చెయ్యి ముందు కూర్చున్నాను. లేత గులాబీ రంగు హైడ్రాంజియా పూల రేకులు ఇచ్చారు.

రేకుని మట్టి మీద ఆనించాలి, ముంచకూడదు. మునిగితే తడి మట్టి పైకొచ్చి మర్నాటికి గోధుమరంగుకి తిరుగుతుంది. ఎంత నొక్కాలో కంటికి తెలియదు, వేలికే తెలుస్తుంది. ఇది నేను కొత్తవాళ్ళందరికీ చెప్పి చెప్పి విసిగించిన మాట. ఇప్పుడు నా వేలు రేకు మీద ఉందో గాలిలో ఉందో నాకే తెలియదు. కళ్ళు చికిలించి, ఊపిరి బిగబట్టి, బొటనవేలు మొదలుపెట్టి ఒక్కో వేలూ పూర్తి చేసుకుంటూ వచ్చాను. చిటికెన వేలు మిగిలి ఉండగా చీకటి పడింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆ చెయ్యి కుళ్ళిన ఆపిల్ ముక్కలా అయింది. ముఖం చక్కగా ఉంది, కుండ చక్కగా ఉంది, మధ్యలో అది. వచ్చినవాళ్ళు ఒక్కసారి చూసి, వెంటనే వేరే చోటికి చూపు తిప్పుకున్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. ఎవరి పని బాగాలేకపోయినా ముఖం మీదే అనేసే ఊరు మాది. నా మీద జాలిపడి ఊరుకున్నారని తెలిసి ప్రాణం చచ్చిపోయింది.

"ఎండ తగిలిందిలే," అంది వదిన, తడిగుడ్డ కప్పుతూ. మబ్బు పట్టి రెండు రోజులైంది.

మర్నాడు పొద్దున్నే పలకలు బావి దగ్గర నిలబెట్టాలి. వెలుతురు వస్తుండగానే లేచి, కోటు వేసుకుని, మట్టి గీకే కత్తి తీసుకుని కొట్టానికి వెళ్ళాను. ఇన్నేళ్ళూ అందరివీ పీకినదాన్ని, నాది నేను పీకలేనా? మళ్ళీ పెట్టడానికి టైము లేదు. చేతి చోట నాచు కుక్కేస్తే చాలు, కుండని ఏ చెట్టుకొమ్మో పట్టుకున్నట్టు ఉంటుంది. అలా అనుకునే వెళ్ళాను.

గుడ్డ తీసి, బొమ్మ మణికట్టు దగ్గర కత్తి ఆనించాను. లోపల గొంతు మొదలుపెట్టింది. గీకెయ్. ఎవరూ చూడకముందే గీకెయ్, మొద్దూ. ఆ గొంతు ఎంత గాభరాగా ఉందో అప్పుడు వినబడింది. ఇన్నాళ్ళూ అది కోపమనుకున్నాను. హడలిపోయిన మనిషి అరుపు అది.

బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను. అది మూడో కుర్చీ అనుకున్నాను. ఊపిరి మెల్లగా పీల్చి మెల్లగా వదిలాను. గౌను పట్టక అద్దం ముందు నిలబడ్డ పిల్లలు గుర్తొచ్చారు.

"తప్పు గుడ్డదమ్మా," అన్నాను. "నీది కాదు."

ఖాళీ కొట్టంలో పైకే అన్నాను. ఒళ్ళు మండింది. మండనీ అనుకుని కూర్చున్నాను. కాసేపటికి మంట తగ్గి ఏడుపొచ్చింది.

కొట్టం తలుపు దడాలున తెరుచుకుంది. ట్రెవర్. పైజామా మీద వానకోటు, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు. రొప్పుతున్నాడు.

"నీ మంచం ఖాళీగా ఉంది," అన్నాడు. నా చేతిలో కత్తి చూశాడు. ముఖంలో రక్తం లేదు. "అది కింద పెట్టు గేనర్."

అతను ఏమనుకుని అంత దూరం పరిగెత్తుకొచ్చాడో అర్థమై, కత్తి వెంటనే కింద పెట్టేశాను.

"ఈ చెయ్యి పీకేద్దామని వచ్చా. పీకలేదు," అన్నాను.

అతను గోడకి ఆనుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. వెళ్ళిపోవడానికి తలుపు వైపు తిరిగాడు. రేకుల పళ్ళెంలోంచి ఒకటి తీసి, మిగిలిపోయిన చిటికెన వేలి అడుగున ఆనించాను.

"ట్రెవర్, ఇలా వచ్చి చూడు. ఈ రేకు పైన ఉందా, లోపలికి దిగిందా?"

"నన్నడుగుతావేంటి? కనపడట్లేదా?"

"కనపడుతోంది. వేలికి తెలియట్లేదు."

అతను వెనక్కి తిరిగాడు. పైకప్పు మీద పావురాలు కూస్తున్నాయి.

"ఎప్పట్నుంచి?"

"కీమో అప్పట్నుంచి."

తన కుడిచెయ్యి ఎత్తి దానివైపు చూసుకున్నాడు. "మార్చిలో ఆ రోజు..."

"ఆ రోజు కూడా."

"అంటే నువ్వు నన్ను..." అని ఆగిపోయి, "నేను ఇంకేదో అనుకున్నా," అన్నాడు.

"తెలుసు."

"తెలుసా?" ఈసారి అరిచాడు. "తెలిసీ ఊరుకున్నావా? మూడు నెలలు, ఆ వెనకగదిలో, గోడ వైపు తిరిగి పడుకుని, నేనేం పాపం చేశానా అని... తెలిసీ ఊరుకున్నావా గేనర్?"

కోపం. నేను కావాలనుకున్న కోపమే. జవాబు మాత్రం రాలేదు.

"సిగ్గేసింది," అన్నాను.

ఎంత చిన్న మాటో. ఏడాదికి పైగా గొంతులో అడ్డుపడ్డది అదే. అతను వచ్చి నా పక్కన మట్టి గోనె మీద కూర్చుని, కళ్ళజోడు లేకపోవడంతో బొమ్మకి ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి చూశాడు.

"దిగింది. కొంచెం ఎక్కువే దిగింది," అన్నాడు. "ఇంకోటి తియ్యి."

ఇంకో రేకు తీశాను. ఆనించి నొక్కుతూ ఉంటే పక్కనుంచి, "చాలు," అన్నాడు. ఇంకోటి. "చాలు." ఇంకోటి. అలా ఆ చిటికెన వేలు పూర్తయ్యేదాకా నేను పెట్టడం, అతను చాలనడం. పాడైన నాలుగు వేళ్ళ జోలికీ నేను వెళ్ళలేదు, వెళ్ళమని అతనూ అనలేదు. బయట వదిన కారు చప్పుడు వినబడేసరికి లేచి, పైజామాలో తనని చూస్తే అక్క ఊరంతా చాటుతుందని వెనక తలుపునుంచి పోయాడు.

*

పాస్టరుగారు వచ్చి బావిని దీవించారు, బ్యాండు వాయించారు, వాన కురిసింది. బొమ్మలో ఆవిడ కుడిచెయ్యి నాలుగు వేళ్ళూ గోధుమరంగులో, చిటికెన వేలు ఒక్కటీ లేత గులాబీ రంగులో. వారమంతా జనం వచ్చి చూశారు. బుధవారం నాడు రాయ్‌స్టన్ దిగాడు. బస్సులో వచ్చాడు.

"చెల్లెమ్మా, ఆ చెయ్యి ఎవరు చేశారు?"

"నేనే. నా వేళ్ళకి స్పర్శ లేదు."

పక్కన నిలబడ్డ గ్లెనిస్ వదిన విన్నది. "ముందే చెప్పి ఏడవచ్చుగా," అని నన్ను గట్టిగా కావలించుకుంది. ఆవిడ కావలింత మండింది, కొంచెం.

ట్రెవర్ మాత్రం వెనకగదిలోనే ఉన్నాడు. మాట్లాడేవాడు, కప్పులు తనే కడిగేవాడు, కోటు బొత్తాలు పెట్టేవాడు. అవి పెడుతున్నప్పుడు నా ముఖంలోకి చూసేవాడు కాదు. ఒక్క పొద్దుటితో అంతా తీరిపోతుందని నేనూ అనుకోలేదు. మూడు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి ఇటు తిరగడానికి కొంత కాలం పడుతుంది. అలా అనుకోగలిగానంటే నాకే ఆశ్చర్యం. అదివరకైతే, చూశావా, చెప్పినా ఉండలేదు అని నన్ను నేను ఏకిపారేసేదాన్ని.

పలకలు గీకేశాక సంచి సర్దుకున్నాడు. అన్నయ్యకి మాట ఇచ్చాడు, మాట ఇస్తే తప్పడు. స్టేషనుకి నేనూ వెళ్ళాను. చినుకులు పడుతున్నాయి, ప్లాట్‌ఫారం మీద మేమిద్దరమే. ఇద్దరం పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాం. రేపటినుంచి గోడ అవతల రేడియో కూడా ఉండదనుకున్నాను. నా చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి నేను చూస్తుండగానే పట్టుకున్నాడు.

"తెలుస్తోందా?" అన్నాడు వేళ్ళ కొసలు నొక్కి.

"లేదు."

కొంచెం పైకి జరిపాడు. "ఇక్కడ?"

"లేదు."

అరచేతి మధ్యలో. "ఇక్కడ?"

"ఊహూ."

మణికట్టు దాటి, నరం కొట్టుకునే చోట అతని బొటనవేలు ఆగింది. రాళ్ళు మోసి మోసి గరుకుదేలిన వేలు.

"తెలుస్తోంది," అన్నాను.

అక్కడే పట్టుకుని నిలబడ్డాడు. రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. సంచి లోపల పెట్టి, ఒక కాలు మెట్టు మీద వేసి, అప్పటికీ వదల్లేదు.

"ఎన్నాళ్ళు?" అని అడిగాను, మేలో అడిగినట్టే.

"పదిహేనో తారీకు," అన్నాడు. "మధ్యాహ్నం బండికి."